ఆరో పాట

సినిమా యాభై రోజుల సభ మొదలుకావడానికి ఇంకా పావు గంట ఉంది. వేదిక వెనక మేకప్ గదిలో ముగ్గురున్నారు: ఆ సినిమాలో కథానాయికగా వేసిన అమ్మాయి, ఆమె తల్లి, ఆమె పనులన్నీ చూసిపెట్టే బాబాయి.

“మింగకు బాబాయ్. మధ్యలో రెండు వాక్యాలు మింగేశావు. పేపర్లో సమీక్ష ఉన్నది ఉన్నట్టు చదువు.”

“మింగడానికేముంది తల్లీ. అక్షరాలు చిన్నవి, సరిగ్గా కనపడటం లేదు.”

“కళ్ళజోడు పెట్టుకునే ఉన్నావుగా. ఇటివ్వు, నేనే చదువుకుంటా.”

“వద్దొద్దు, కదలకు, కాటుక చెదిరిపోతుంది. చదువుతున్నా కదా. ‘రైల్వే ప్లాట్‌ఫాం మీద పాడుకుని బతికే అమ్మాయి కథను ఆరు పాటలతో నడిపిన ఈ చిత్రంలో అందరికంటే ముందు చెప్పుకోవలసింది టికెట్ కలెక్టర్‌గా వేసిన పెద్దాయన గురించి. ఉన్నది మూడే సన్నివేశాలు, పాడింది నాలుగే పంక్తులు. అయినా ఆయన తెర మీద ఉన్నంతసేపూ హాల్లో ఎవరూ దగ్గలేదు.’ చూశావా, ఆ ముసలాయన్ని తీసుకోమని డైరెక్టర్‌కి చెప్పిందే నేను.”

“తర్వాత.”

“‘కథానాయకుడు బాగా గెంతాడు. పాడేటప్పుడు మాత్రం రైలు ఆలస్యంగా నడుస్తోందని ప్రకటిస్తున్నట్టే ఉంది.’ బాగా పెట్టాడు వాడికి. షూటింగ్‌లో నాకు కుర్చీ కూడా వేయనీయలేదు వాడు.”

“తర్వాత, బాబాయ్.”

“తర్వాత... ‘ఇక కథానాయిక.’”

“ఊఁ.”

“‘అందరికంటే ఎక్కువ నిరాశపరిచింది ఈమే.’ ఏదో రాశాడులే తల్లీ, వీడికి కడుపునొప్పి వచ్చిన రోజు చూసుంటాడు సినిమా.”

“చదువు.”

“‘ఆమె మొహం గోడకు తగిలించిన ఫొటోలా ఉంది. పాట వస్తుంది, పెదవులు కదులుతాయి, కళ్ళు మాత్రం పక్కింట్లో ఎవరో పాడుతుంటే వింటున్నట్టుంటాయి. పాటలన్నీ ఆమే స్వయంగా పాడిందని ప్రకటనల్లో గొప్పగా చెబుతున్నారు. మొదటి ఐదు పాటలూ శుభ్రంగానే ఉన్నాయి. ఇస్త్రీ చేసి మడతపెట్టిన బట్టల్లా ఉన్నాయి. ఎక్కడా ముడత లేదు, లోపల మనిషీ లేదు. కానీ ఆరో పాట దగ్గరికొచ్చేసరికి ఏం జరిగిందో తెలియదు, ఆ గొంతుకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. ఆ ఒక్క పాట కోసం మళ్ళీ వెళ్ళి సినిమా అంతా భరించవచ్చు.’”

“చాలు. ఆపు.”

“ఇంకొక్క వాక్యం ఉంది, మంచిదే...”

“ఆపమన్నాను. విన్నావా అమ్మా? నీ పాట కోసం సినిమా అంతా భరించొచ్చట. ఆ భరించాల్సింది నన్ను.”

“నెమ్మదిగా మాట్లాడు. పక్క గదిలో మనుషులున్నారు.”

“ఉండనీ. ఇంకాసేపట్లో హాల్లో ఉన్న వాళ్ళందరికీ చెప్పబోతున్నా. పక్క గదివాళ్ళు ముందే వింటే ఏం పోతుంది?”

“ఏంటి చెప్పేది?”

“మైకు చేతికివ్వగానే చెప్పేస్తా. ఈ సినిమాలో పాడింది నేను కాదు, మా అమ్మ అని.”

“మతి పోయిందా నీకు?”

“తల్లీ, ఆగాగు. ఏదో చదివిన కోపంలో అంటున్నావు. కాసిని నీళ్ళు తాగు.”

“కోపం కాదు బాబాయ్, వారం నుంచి ఆలోచించుకునే వచ్చా.”

“అది కాదు తల్లీ, ఏడు వారాల నుంచీ గోడల మీద, పేపర్లలో, ఎక్కడ పడితే అక్కడ ‘పాటలన్నీ ఆమే పాడింది’ అని వేశారు. ఇప్పుడు నువ్వు వేదికెక్కి కాదంటే డైరెక్టర్ మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? పొద్దున నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడాయన. ‘అమ్మాయి చేత ఆరో పాట పాడించండి, వాద్యాల వాళ్ళని కూడా పిలిపించా, ఆ పాటని ఇంతవరకూ బయట ఎక్కడా వదల్లేదు, థియేటర్‌కి వచ్చిన వాళ్ళే విన్నారు, ఇవాళ జనం దానికోసమే వస్తున్నారు’ అని.”

“అదే కదా నా బాధ. ఆరో పాట పాడమంటే నేనేం పాడతా? ఆ పాట ఈవిడది.”

“ఈవిడేంటే. అమ్మని నేను.”

“అమ్మవే. కాదన్నానా?”

“పోనీ రికార్డు వేయిద్దాం తల్లీ. నువ్వు ఊరికే పెదవులు కదుపు. నేను సౌండాయనతో మాట్లాడి అంతా సర్దుతా.”

“ఇంకెన్నాళ్ళు కదపాలి బాబాయ్? కూరగాయల కొట్లో ఒకావిడ చెయ్యి పట్టుకుని ఒక్క లైను పాడమ్మా అంటే గొంతు నొప్పని చెప్పా. స్కూలు పిల్లలు అడిగితే గొంతు నొప్పని చెప్పా. ఏడు వారాల్లో నాకున్నన్ని గొంతు నొప్పులు ఇంకెవరికైనా ఉంటే ఆస్పత్రిలో చేర్చుకునేవాళ్ళు.”

“వదినా, నువ్వైనా చెప్పు.”

“నేను చెప్తే వినే మనిషేనా అది? నువ్వెళ్ళు. వెళ్ళి వేదిక మీద సభ నడిపే అమ్మాయితో చెప్పి, పాట చివరికి పెట్టించు. ముందు ఆ టికెట్ కలెక్టర్ పెద్దాయన చేత మాట్లాడించమను. ఆయన మొదలుపెడితే ఆపడు.”

“వెళ్తా. మీరు మాత్రం కాస్త గొంతులు తగ్గించి కొట్టుకోండి. ఈ తలుపు అట్టముక్కలా ఉంది, ప్రతి మాటా బయటికొస్తోంది.”

“తలుపు దగ్గరగా వేసి వెళ్ళు.”

“వేశా, వేశా.”

“ఇటు తిరుగు. జడ వదులైంది.”

“ముట్టుకోకమ్మా.”

“జడ కూడా ముట్టుకోకూడదా? నీకు నేనేం ద్రోహం చేశాననే?”

“నువ్వే చెప్పు ఏం చేశావో. మొదటి రికార్డింగ్ రోజు గుర్తుందా? నన్ను గాజు గదిలో మైకు ముందు నిలబెట్టారు. అద్దం అవతల డైరెక్టర్, సంగీత దర్శకుడు, సౌండాయన కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో నువ్వు. నేను ఇంకా నోరు తెరవలేదు, నువ్వు తల అడ్డంగా ఊపావు.”

“ఊపలేదు.”

“ఊపావు.”

“శ్రుతి చూసుకోమని సైగ చేశా.”

“అప్పటికి నేను మొదలే పెట్టలేదు.”

“పదకొండుసార్లు మొదలుపెట్టావు. పదకొండుసార్లూ మొదటి పంక్తి దగ్గరే గొంతు పూడుకుపోయింది. వయొలిన్ వాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. ఎలా పాడాలో చూపిద్దామని లోపలికొచ్చా. ఒక్కసారి పాడా, నీకోసం. డైరెక్టరే అన్నాడు, తల్లీకూతుళ్ళ గొంతు ఒకటే కదా, ఇదే ఉంచేద్దాం, బయటికి చెప్పకండి అని. నేనడిగానా?”

“కాదనలేదుగా.”

“నువ్వూ కాదనలేదు. బయటికొచ్చి సోఫాలో కూలబడి హమ్మయ్య అన్నావు. నేను విన్నా.”

“అన్నాను.”

“మరి?”

“ఒక పాటకే అనుకున్నా. రెండోది వచ్చేసరికి నన్ను గదిలోకే పిలవలేదు. మూడోది ఎప్పుడు పాడావో కూడా నాకు తెలియదు. నాలుగో పాటకి నువ్వు ఇంట్లోంచి వెళ్తూ, చెప్పులేసుకుంటూ, ‘నువ్వు రానక్కర్లేదులే, ఎండగా ఉంది’ అన్నావు. ఇంతకీ ఆ సినిమా ఎవరిదో నాకే తెలియకుండా పోయింది.”

“ఎవరిదేంటి? నీదే. హీరోయినే పాడాలి, లేకపోతే వేరే అమ్మాయిని చూసుకుంటాం అన్నది వాళ్ళు. నేను పాడకపోతే రెండోరోజే ఇంటికి పంపేవాళ్ళు నిన్ను. నీ పాత్ర నిలబెట్టానే నేను.”

“నిలబెట్టావు. ఫొటోలాగా.”

“ఆ రాసినవాడికి మొహం చూడటం రాదు.”

“వచ్చమ్మా. బాగా వచ్చు వాడికి. ఏం రాశాడు? పక్కింట్లో ఎవరో పాడుతుంటే వింటున్నట్టున్నాయి కళ్ళు అన్నాడు. నేను చేసింది అక్షరాలా అదే. స్పీకర్లో నువ్వు పాడుతుంటావు, ఇక్కడ ఊపిరి తీసింది, ఇక్కడ సాగదీసింది అని వెంట పరిగెత్తడమే నా పని. ఇంక నటించేదెప్పుడు? నాకు ఏడేళ్ళప్పటి నుంచీ అంతే. స్నానం చేస్తూ పాడుకుంటే తలుపు కొట్టి శ్రుతి తగ్గిందన్నావు. బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీస్తే గమకం అక్కడ కాదన్నావు. స్కూల్లో మొదటి బహుమతి తెచ్చి నీ చేతిలో పెడితే, రెండో చరణంలో ఊపిరి వినపడిందన్నావు. కప్పు అలమరలో పెట్టావు, అది వేరే సంగతి. చివరికి నువ్వు ఇంట్లో లేనప్పుడు కూడా పాడటం మానేశా.”

“నాకు తెలిసిందదే కదే.”

“ఏది?”

“ఇరవై రెండేళ్ళు కోరస్‌లో నిలబడ్డా. నలుగురికి ఒక మైకు. నలుగురిలో ఎవరి గొంతైనా విడిగా వినపడిందా, అద్దం అవతల నుంచి ‘ఎవరమ్మా అది’ అని ఆపేసేవాళ్ళు. పక్కన నిలబడ్డవాళ్ళు ముగ్గురూ నీవైపు చూస్తారు. ఆ చూపు పడలేక ఒకమ్మాయి మధ్యలోనే మానేసి కుట్టుపని చూసుకుంది. నేను ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ‘ఎవరమ్మా అది’ అనిపించుకోలేదు. ఊపిరి వినపడకూడదు, తడబడకూడదు, మనమున్నామని తెలియకూడదు. అలా పాడితేనే మర్నాడు మళ్ళీ కబురొచ్చేది. ఆ కబురుతోనే నువ్వు చదువుకున్నావు.”

“అది నాక్కూడా నేర్పాలా?”

“ఇంకేం తెలుసు నాకు నేర్పడానికి?”

“మరి ఆరో పాట ఎలా పాడావు?”

“ఏం?”

“అందులో నీ గొంతు విడిగా వినపడిందటగా. ఊరంతా అదే అంటున్నారు. ఐదు పాటలు కోరస్‌లా పాడిన మనిషివి ఆరోది అలా ఎలా పాడావు?”

“మెడ మీద పౌడరు తేలింది. తుడుచుకో.”

“ఎలా పాడావమ్మా?”

“ఎలాగో పాడాను. ఇప్పుడెందుకది? అసలు నువ్వు... నువ్వింతవరకూ ఆ పాట వినలేదా?”

“ఎలా వింటా? మొదటి ఆట రోజున సగంలోనే లేచొచ్చేశాగా. మూడో పాట నడుస్తుంటే వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో అంది, పాపం ఈ పిల్ల నోట్లో ఎవరో అద్దెకున్నట్టుంది అని. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను చీకట్లో చెప్పులు వెతుక్కుని బయటికొచ్చేశా. మళ్ళీ ఆ హాలు వైపు వెళ్ళలేదు. మొన్న కారులో డ్రైవర్ రెండో పాట పెడితే ఆపమన్నా. అతనేమో, మీ పాటే కదండీ అన్నాడు. ఏం చెప్పను అతనికి?”

“ఆరోది ఒక్కసారైనా వినుండాల్సింది.”

“ఎందుకు? నువ్వెంత బాగా పాడావో తెలుసుకోడానికా? ఆ పాట షూటింగ్ ఎలా అయిందో తెలుసా నీకు? నువ్వు జ్వరంతో పడుకున్నావు, గొంతు మూగబోయింది. పాట రికార్డు కాలేదు. స్టేషన్ సెట్టు ఆ ఒక్కరోజే ఉంది, మర్నాడు విప్పేస్తారు. సౌండాయనొచ్చి, ‘పెదవులు కదపడానికి ఎలాగోలా పాడివ్వమ్మా, తర్వాత అమ్మగారి చేత పాడించి మార్చేస్తాం’ అన్నాడు. ఆయన వ్యాన్‌లో కూర్చున్నా. హార్మోనియం తప్ప ఏమీ లేదు. ఎలాగూ తీసిపారేసేదే కదా అని పాడేశా. ఒకటే టేక్. అయ్యాక ఆయన ఒక్క మాట అనలేదు. హెడ్‌ఫోన్లు తీసి పక్కనపెట్టి, నీళ్ళు తాగొస్తానని దిగి వెళ్ళిపోయాడు. పది నిమిషాలైనా రాలేదు. అంత ఘోరంగా పాడానా అని అక్కడే కూర్చుని ఏడ్చా.”

“ఆయన ఏమీ అనలేదా?”

“చెప్తున్నాగా, లేదని. సరే, ఇదంతా వదిలెయ్. నిజం చెప్పొద్దంటావు, అంతేగా? చెప్పను. ఒక పని చెయ్యి. నాతోపాటు వేదిక మీదికి రా. నేను పాట నేర్చుకుంది మా అమ్మ దగ్గరే, ఇవాళ ఆరో పాట అమ్మ పాడుతుంది అంటా. పాడు. ఎవరికీ ఏ అనుమానమూ రాదు.”

“నేను పాడను.”

“ఎందుకు?”

“గొంతు బాగాలేదు.”

“పొద్దున వంటింట్లో గిన్నెలు కడుగుతూ రాగం తీశావు. పై వాటాలోకి వినపడింది.”

“ఆ పాట గుర్తులేదు.”

“పాడి ఐదు నెలలేగా అయింది. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట ‘ఆ ఆ’ అన్న చోట్లన్నీ గుర్తున్నాయి నీకు, ఇది మర్చిపోయావా?”

“నాకు రాదే ఆ పాట. వదిలెయ్యవే.”

“పాడిన పాట రాకపోవడమేంటి? నాకు తెలుసు నీ సంగతి. నన్ను అంతమంది ముందు మైకు దగ్గర నిలబెట్టి, నోరు పెగలక నిలబడితే చూడాలని నీకు. పదకొండుసార్లు చూసింది చాల్లేదు, పన్నెండోసారి చూడాలి. అప్పుడు అందరూ అనుకోవాలి, ఈ పిల్లకేం వచ్చు, అంతా వాళ్ళమ్మే అని.”

“నోటికొచ్చినట్టు మాట్లాడకు.”

“నీ నోటికొచ్చినట్టు మాట్లాడమంటావా? అలవాటేగా.”

“తలుపు తీయండి, నేనే. ఏంటి, ఇద్దరూ ఇలా ఉన్నారు? మనకి పది నిమిషాలే ఉంది. టికెట్ కలెక్టర్ గారు మైకు పట్టుకున్నారు, ఆయన తర్వాత మనమే. వాద్యాల వాళ్ళు శ్రుతి అడుగుతున్నారు. వదినా, ఆరో పాట శ్రుతి ఎంత? నీదేనా?”

“కాదు. అమ్మాయి శ్రుతి. నాకంటే అర మెట్టు కింద.”

“అమ్మాయిదేంటి వదినా, పాడింది నువ్వయితే...”

“చెప్పింది వెళ్ళి చెప్పు. అర మెట్టు కింద.”

“సరే సరే. నాకెందుకు, అర మెట్టయితే అర మెట్టు.”

“నా శ్రుతి ఎందుకు చెప్పావు?”

“కూర్చో.”

“నన్ను పాడించాలనేగా? పాడనని చెప్పాను కదా.”

“కూర్చోవే ఒక నిమిషం. ఆ పాటలో ఉన్నది నా గొంతు కాదు.”

“ఏంటి?”

“నువ్వు వ్యాన్‌లో పాడిందే ఉంది సినిమాలో.”

“ఆటలాడకమ్మా.”

“జ్వరం తగ్గాక నాలుగు రోజులు వెళ్ళా స్టూడియోకి. నీ శ్రుతిలోనే, నీ పెదవులకి సరిపోయేలా, ఎక్కడా జారకుండా పాడా. నాలుగో రోజు సంగీత దర్శకుడు నన్ను కూర్చోబెట్టి ముందు నాది పెట్టాడు, తర్వాత నీది పెట్టాడు. నీది అయ్యాక సౌండాయన తలుపు తీసుకుని బయటికెళ్ళాడు. అప్పుడూ నీళ్ళకే అన్నాడు. సంగీత దర్శకుడేమో నా మొహం చూడకుండా చెప్పాడు. ‘మీది ఒక్క తప్పు లేకుండా ఉందమ్మా. అమ్మాయిది రెండుచోట్ల శ్రుతి జారింది, ఊపిరి వినపడుతోంది. నేను అమ్మాయిదే ఉంచుతున్నా, దాని చుట్టూ వాద్యాలు కట్టుకుంటా. ఈ మాట మీ నోటితోనే మీ అమ్మాయికి చెప్పండి, సంతోషిస్తుంది’ అన్నాడు. నేనే చెప్తానన్నా. సౌండాయనతో కూడా అన్నా, మీరు చెప్పొద్దు, నేను చెప్తేనే బాగుంటుంది అని.”

“చెప్పలేదు.”

“చెప్పలేదు.”

“ఐదు నెలలు.”

“ఇంటికొచ్చేటప్పుడు బస్సులో అనుకున్నా, దిగగానే చెప్దామని. నువ్వు తలుపు తీశావు. అన్నం పెట్టనా అన్నావు. తిన్నాక చెప్దామనుకున్నా. తర్వాత సినిమా వచ్చాక చెప్దామనుకున్నా. అలా...”

“ఏడు వారాలుగా నేను అద్దంలో మొహం చూసుకోలేకపోతుంటే పక్కనే కూర్చున్నావు. మొదటి ఆట నుంచి లేచొచ్చేసిన రోజు నేను పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చా. నువ్వు వచ్చి పొయ్యి కట్టేసి వెళ్ళావు. అప్పుడైనా చెప్పలేకపోయావా?”

“చెప్పలేకపోయా.”

“ఇందాకట్నుంచీ నిజం చెప్పొద్దని పోరు పెడుతున్నది నాకోసం కాదన్నమాట.”

“నువ్వే ఆలోచించు. నిజం చెప్తే ఏమవుతుంది? ఇస్త్రీ బట్టల్లాంటి ఐదూ నావి. ప్రాణం ఉన్న ఒక్కటీ నీది. ఇరవై రెండేళ్ళలో నా పాట గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదే. ఇన్నాళ్ళకి రాశాడు ఒకడు. లోపల మనిషే లేదని రాశాడు. దానికింద నీ పాట గురించి ఉంది. బాబాయ్ చదవబోతుంటే ఆపించావే, చివర ఇంకో వాక్యం ఉంది. ‘ఆ పాటలో మొహమూ గొంతూ మొదటిసారి ఒకే మనిషివి అనిపించాయి’ అని. నాకది కంఠతా వచ్చు. ఆ ముక్క కత్తిరించి నా పర్సులో పెట్టుకున్నా. పొద్దున్నే నువ్వు లేవకముందు, నాగురించే అనుకుని చదువుకుంటా. అబద్ధమని తెలుసు. అయినా చదువుకుంటా.”

“మొహం కూడానా?”

“ఏంటి?”

“మొహం కూడా బాగుందని రాశాడా?”

“రాశాడు.”

“నువ్వు ఆ పాట చూశావా తెర మీద?”

“నాలుగుసార్లు వెళ్ళా. నీకు చెప్పకుండా. వెళ్ళిన ప్రతిసారీ ఆ పాట అవ్వగానే లేచి వచ్చేశా.”

“ఎలా ఉంది?”

“రెండో చరణంలో శ్రుతి జారింది.”

“అమ్మా.”

“జారినచోటే నాకు ఏడుపొచ్చింది. నాలుగుసార్లూ అక్కడే.”

“తల్లీ, పిలుస్తున్నారు. పెద్దాయన ఇవాళేంటో తొందరగా ముగించేశాడు. ఏం నిర్ణయించారు? రికార్డు వేయించనా? సౌండాయన చెయ్యి స్విచ్ మీదే ఉంది.”

“వద్దు బాబాయ్. పాడతా.”

“పాడతావా? నువ్వా?”

“ఆరోది నేను పాడతా. మిగతా ఐదూ ఎవరు పాడారో కూడా చెప్తా.”

“అయ్యో, మళ్ళీ మొదటికొచ్చిందే. వదినా, నువ్వేం మాట్లాడవేం?”

“చెప్పుకోనీ. దాని ఇష్టం.”

“మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో నాకు తెలియదు. పదండి మరి. వదినా, మొదటి వరసలో సరిగ్గా మైకుకి ఎదురుగా నీకు కుర్చీ ఉంచా. వేరేవాళ్ళు కూర్చోకుండా నా సంచి పెట్టొచ్చా.”

“పద, వస్తున్నా. ఇదిగో, ఇటు చూడవే. మొదటి పంక్తి దగ్గర భయం వేస్తే నావైపు చూడు. నేను ఎదురుగానే ఉంటాగా.”

“బాబాయ్, ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్. నువ్వు ఇక్కడే కూర్చో అమ్మా. నేను పాడటం అయ్యేదాకా హాల్లోకి రాకు.”